చిన్న ట్రాక్టరుకు గ్రాపుల్: ఒకటి అమ్మేసి, రెండోది నాలుగేళ్ళు వాడాక

మా ఒంగోలు వైపు చిల్లకంప కొట్టినవాళ్ళకు పంగలకర్ర సంగతి చెప్పక్కర్లేదు. కంపను చేత్తో ముట్టుకోకుండా, కొసన చీలిన కర్రతో మొదలు దగ్గర నొక్కిపట్టి ఈడ్చుకెళ్ళి కుప్పేస్తారు. నా కుబోటా ట్రాక్టరు ముందు తగిలించిన గ్రాపుల్ (కింద పళ్ళు, పైన మూసుకునే మూత ఉన్న ఇనప పట్టు) చేసే పని కూడా అదే. కాకపోతే పంగలకర్ర చేతికి కుదరకపోతే పారేసి ఇంకోటి కోసుకుంటాం. గ్రాపుల్ విషయంలో ఆ వీల్లేదు. మొదటిది తప్పు కొన్నాను, ఏడు నెలలకు అమ్మేశాను, మధ్యలో పోయిన డాలర్ల లెక్క ఇంట్లో ఇప్పటికీ వినపడుతూనే ఉంటుంది.

నేల టెక్సస్‌లో, బర్నెట్ కౌంటీలో, ఆస్టిన్ నుంచి గంట దూరం. పద్నాలుగు ఎకరాలు. తేనెటీగల పెట్టెలు పెట్టి, తక్కువగా పడే వ్యవసాయ పన్ను కింద నిలబెట్టుకుంటున్న నేల. ఈ చుట్టుపక్కల స్థలం కొన్న మనవాళ్ళలో చాలామందిది ఇదే ఏర్పాటు. పెరిగేవి ముఖ్యంగా మూడు. ఒకటి ఆష్ జూనిపర్, ఇక్కడ అందరూ సీడర్ అంటారు. చలికాలంలో దాని పుప్పొడికే సగం ఊరు తుమ్ముతుంది. రెండోది మెస్కీట్, మన సర్కారు తుమ్మకు స్వయానా దాయాది, ముల్లు కూడా అదే ముల్లు. మూడోది నాగజెముడు. ఇక కింద జానెడు మట్టి, ఆ తర్వాత అంతా సున్నపురాయి.

ట్రాక్టరు ఎల్3901, 37.5 హార్స్‌పవర్. ముందు లోడరు, అంటే బరువులెత్తే ఇనప చేతులు, ఎత్తే బరువు పుస్తకంలో పదకొండు వందల పౌండ్ల పైచిలుకు. ఆ అంకె చూసి సంబరపడ్డాను. అది బకెట్ తగిలే పిన్ను దగ్గర కొలిచిన అంకె అని, బరువు దానికి రెండు మూడు అడుగులు ముందుకు జరిగితే ఎత్తే సత్తా జారిపోతుందని అప్పుడు పట్టించుకోలేదు.

2021 వసంతంలో గ్రాపుల్ కోసం వెళ్తే అమ్మే అతను 72 అంగుళాలది చూపించాడు. "పెద్దది తీసుకుంటే తక్కువ ట్రిప్పుల్లో పని అయిపోతుంది" అన్నాడు. మాట సబబుగానే అనిపించింది. దాని బరువే దాదాపు 690 పౌండ్లు. పదకొండు వందల్లోంచి అది తీసేస్తే చెట్టుకు మిగిలేది నాలుగు వందల చిల్లర, అదీ పిన్ను దగ్గర. పచ్చి సీడర్ మొద్దు ఒక మోస్తరుది పట్టుకుంటే ఇంజను గుర్రుమంటుంది గానీ చేతులు లేవవు. మే నెలలో వానపడ్డ మర్నాడు, వాలులో అలాంటి మొద్దునే పట్టుకుని పక్కకు తిరిగాను. ఎడమ వెనక చక్రం నేల విడిచి నెమ్మదిగా గాల్లో తిరగడం భుజం మీంచి చూశాను. లివరు ముందుకు తోసి మొద్దును నేలకు దించేశాను. బోల్తాపడితే కాపాడే రోల్‌బార్ నిలబెట్టే ఉంది, బెల్టు పెట్టుకునే ఉన్నాను. అయినా ఆ రోజు ఇక పని చేయలేదు.

తర్వాత బరువు కోసం వెనక టైర్లలో ద్రవం నింపించాను. అందరూ చెప్పే సలహాయే, మంచిదే, కానీ అది ఇరుసు మీదే కూర్చుంటుంది. ముందు ఇరుసు మీద పడే భారం తగ్గాలంటే వెనక వేలాడే బరువు కావాలి, త్రాసులో అవతలి పళ్ళెం లాగా. ఇప్పుడు వెనక అయిదు వందల పౌండ్ల బాక్స్ బ్లేడు (నేల చదును చేసే ఇనప పనిముట్టు) తగిలించకుండా గ్రాపుల్ ముట్టుకోను.

రెండోది 2021 నవంబరులో కొన్నాను. 55 అంగుళాల వెడల్పు, ఒకటే మూత, 370 పౌండ్లు. కొత్తదానికి పదిహేడు వందల డాలర్లు పెట్టాను. ట్రాక్టరు కన్నా సన్నగా ఉంటుంది, చూసినవాళ్ళంతా "ఇంత చిన్నదా" అంటారు. మట్టి ఎత్తే బకెట్ అయితే టైర్ల వెడల్పు కప్పాలి, నిజమే. కంపకు ఆ అవసరం లేదు. పన్నెండు అడుగుల కొమ్మను మధ్యలో నాలుగడుగుల మేర పట్టుకుంటే చాలు, మిగతాది రెండు పక్కలా వేలాడుతూ వస్తుంది. పైగా చెట్ల సందుల్లోకి సన్నదే దూరుతుంది. వెడల్పు కన్నా చూడాల్సింది నోరు ఎంత తెరుచుకుంటుందన్నది. కంప కుప్ప గాలితో నిండి ఉంటుంది కదా, నోరు చిన్నదైతే ఎంత వెడల్పున్నా గుప్పెడే వస్తుంది.

రెండు మూతలది తీసుకోవాల్సిందా అని అప్పుడప్పుడూ అనుకుంటాను. ఒకవైపు లావు మొద్దు, ఇంకోవైపు సన్న రెమ్మలు ఉన్నప్పుడు ఒంటిమూత మొద్దు దగ్గరే ఆగిపోతుంది, రెమ్మలు జారిపోతాయి. రెండు మూతలైతే దేనికది మూసుకుంటుంది. కానీ రెండో సిలిండరు, రెండో జత గొట్టాలు, ఇంకో వంద పౌండ్లు. నా లోడరుకు ఆ వంద పౌండ్లు ఖరీదైనవి. అడుగు పళ్ళ మధ్య సందు కూడా చూసుకోండి. నాది సుమారు ఎనిమిది అంగుళాలు. మట్టి, రాళ్ళు రాలిపోయి కంప మాత్రమే మిగులుతుంది. కుప్పలో మట్టి కలిస్తే సరిగ్గా కాలదు, వారం పాటు పొగ చిమ్ముతూ ఉంటుంది.

గ్రాపుల్ కన్నా ఎక్కువ తేడా తెచ్చింది మాత్రం మూతను కదిలించే నూనెను పంపే వాల్వు. మొదట్లో డైవర్టర్ వాడాను, చవక. లివరు మీది బటన్ నొక్కితే, బకెట్ తిప్పే నూనె గ్రాపుల్‌కు మళ్ళుతుంది. అంటే పట్టు తిప్పడమో, మూత మూయడమో, ఒకసారి ఒకటే. కంప ఎత్తేటప్పుడు ఆ రెండూ కలిపి జరగాలి: పళ్ళు వెనక్కి తిప్పుతూ మూత దించాలి, లేకపోతే కుప్ప ముందుకు దొర్లిపోతుంది. అన్నం ముద్ద ఎత్తేటప్పుడు ముందు వేళ్ళు ముడిచి, ఆగి, తర్వాత మణికట్టు తిప్పి చూడండి, తెలుస్తుంది. గ్రాపుల్‌కు విడిగా నూనె పంపే థర్డ్ ఫంక్షన్ వాల్వు పెట్టుకున్నాక రెండు పనులూ ఒకే ఊపులో అయిపోతున్నాయి. కిట్టుకు దాదాపు వెయ్యి డాలర్లు అయింది, బిగించడానికి శని ఆదివారాలు రెండూ పట్టాయి. ఒక జాయింటులో ఓ-రింగు పెట్టడం మరిచి ఇంజను తిప్పాను. గరాజు నేలంతా నూనె. ఆ తప్పు పూర్తిగా నాదే.

ఎండాకాలంలో ఇంకో తలనొప్పి. గ్రాపుల్ విప్పి ఎండలో పడేస్తే గొట్టాల్లో నూనె వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది, మళ్ళీ గొట్టాలు కలిపే కప్లర్లు ఎంత తోసినా ఎక్కవు. విప్పే ముందే ఇంజను ఆపి, గ్రాపుల్‌ను నేలమీద ఉంచి, తాళం ఆన్‌లో పెట్టి బటన్ నాలుగైదు సార్లు నొక్కండి, ఒత్తిడి దిగిపోతుంది. తర్వాత నీడలో పెట్టండి. గొట్టంలో సన్నగా కారుతుంటే మాత్రం వేలితో తడమకండి. ఆ ఒత్తిడికి నూనె చర్మంలోంచి దూరిపోతుంది, ఆసుపత్రి పని పడుతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

నాన్న ఒకసారి ఊరి నుంచి వచ్చి రెండు నెలలున్నారు. మొదటిరోజు గ్రాపుల్ చుట్టూ ఒకసారి తిరిగి, "ఏందిరా ఇది, పీత డెక్క మాదిరి ఉంది" అన్నారు. కుర్చీ వేసుకుని గంటసేపు నా పని చూశారు. నేను సీడర్‌ను నడుము దగ్గర పట్టి ఎత్తుతున్నాను; కొమ్మలు లోడరు చేతుల మీదుగా నా మొహం దాకా వస్తున్నాయి. చెయ్యెత్తి ఆపమన్నారు. "నడిమికి పట్టుకోబాకరా. మొదలు పట్టి ఎనక్కి లాగు, కొమ్మలు వాటంతటవే ముడుచుకుని వస్తాయి." అంతే. ముందు గ్రిల్లులో రెమ్మలు దూరి రేడియేటర్ జల్లెడ మూసుకుపోవడం, కింద పుల్ల తగిలి గొట్టం ఊడటం, ఈ రెండు బాధలూ ఆ రోజుతో సగానికి తగ్గాయి. ఆయన ట్రాక్టరు ఎక్కి తోలలేదు గానీ, సాయంత్రం మెస్కీట్ కొమ్మ విరిచి ముల్లు చూసి, "ఇక్కడ కూడానా" అని నవ్వారు.

సీడర్‌ను అట్టడుగు కొమ్మకు కింద కోసేస్తే మళ్ళీ చిగురించదు, కాబట్టి రంపంతో కోసి గ్రాపుల్‌తో మోసేయడమే. మెస్కీట్ అలా కాదు, మొదలు కోస్తే పది కొమ్మలై లేస్తుంది. మట్టిలోపలి గడ్డతో సహా పోవాలి. మణికట్టంత లావు లోపు, వాన పడ్డాక, పళ్ళు కిందికి దూర్చి పెకలిస్తే వస్తుంది. అంతకన్నా లావైతే మన చిన్న ట్రాక్టరు పని కాదు, ఎక్స్‌కవేటర్‌ను అద్దెకు పిలవండి. నేను ఒకసారి పంతానికి పోయి, ఒక మూలపన్ను రాతి అంచు కింద ఇరుక్కుంటే అలాగే ముందుకు తోశాను. పన్ను రెండంగుళాలు పక్కకు వంగింది. లోడరు చెయ్యి వంగనందుకు సంతోషించాను.

2023 ఫిబ్రవరి మొదట్లో మంచు తుఫాను వచ్చి లైవ్ ఓక్ కొమ్మలన్నీ విరిచి పడేసినప్పుడు దీని విలువ పూర్తిగా తెలిసింది. మూడు వారాంతాల్లో మా నేల, పక్కాయన దారి శుభ్రం చేశాను. అయితే ఓక్ చెట్లకు దగ్గర్లో జాగ్రత్త. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్‌కు గాయం చేయొద్దంటారు, ఓక్ విల్ట్ తెగులు అంటుకునే కాలం అది. మూత అంచు తగిలి బెరడు లేచినా వెంటనే పెయింటు పూస్తాను. డబ్బా ట్రాక్టరు మీదే ఉంటుంది.

నాలుగేళ్ళలో ఖర్చు: ఒక గొట్టం, సిలిండరు మీద రక్షణ రేకు, ఓ డబ్బా గ్రీజు, మెస్కీట్ ముల్లుకు ముందు టైరు రెండుసార్లు. మూత పిన్ను దగ్గర బుషింగ్ కాస్త వదులైంది, కదిలిస్తే టక్కుమంటోంది. ఈ చలికాలం మార్చాలి. వంగిన పన్ను అలాగే ఉంది, పని ఆగలేదు. మీ నేల రెండు మూడెకరాలే అయితే ఇంత పెట్టుబడి దండగ, గొలుసు కట్టి లాక్కోండి. అయిదెకరాలు దాటి సీడర్ ఉంటే మాత్రం, ముందు మీ లోడరు పుస్తకం తీసి పిన్ను దగ్గరి అంకె రాసుకుని, గ్రాపుల్ బరువు అందులో మూడో వంతు దాటకుండా చూసుకుని, అప్పుడు కొట్టుకు వెళ్ళండి. ఇది రాసేనాటికి కౌంటీలో బయట మంటలు పెట్టడం మీద నిషేధం ఉంది కాబట్టి నా కుప్పలు మూడు, ఇంటికన్నా ఎత్తుగా, ఇంకా అలాగే ఉన్నాయి.