పిల్లల ఐస్ హాకీ: కెనడా దారి, అమెరికా దారి, స్వీడన్ దారి... ఏది మేలు?

జనవరి ఐదు దాటి సంక్రాంతి దగ్గర పడేసరికి నాకు ఒకే రకం ఫోన్లు వస్తుంటాయి. కెనడాలోని మిసిసాగాలో ఉండే మా పిన్ని కొడుకు చేస్తాడు. ఇక్కడ విజయవాడ పటమటలో నా దగ్గర చక్రాల స్కేటింగ్ నేర్చుకుని, పెళ్లయ్యాక కెనడాలోనే కాల్గరీ వెళ్లిపోయిన అమ్మాయి చేస్తుంది. వాళ్ల పిల్లలు అక్కడ ఐస్ హాకీ ఆడుతున్నారు. అండర్-20 ప్రపంచ పోటీలు అయిపోగానే అడిగేది ఒకటే: "కెనడా జూనియర్ జట్టుకి ఏమైంది మాస్టారూ? అమెరికా వాళ్ల పద్ధతే మేలా? స్వీడన్ వాళ్లదా? మావాణ్ణి ఏం చెయ్యమంటారు?" ఇక్కడ మా సిమెంటు రింకు గట్టు మీద కూర్చునే తల్లిదండ్రులు ఇదే ప్రశ్న ఇంకోలా అడుగుతారు: "మావాడు స్టేట్‌కి ఎప్పుడు సెలెక్ట్ అవుతాడు సార్?" రెండింటికీ నేను చెప్పే జవాబు ఒకటే కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

ముందు కెనడా. ఈ టోర్నీలో 20 స్వర్ణాలు గెలిచిన దేశం అది. ఇంకెవరూ ఆ దరిదాపుల్లో లేరు. 1993 నుంచి 1997 దాకా వరుసగా ఐదు, మళ్లీ 2005 నుంచి 2009 దాకా ఇంకో ఐదు గెలిచారు. అలాంటి జట్టు 2024లో గోథెన్‌బర్గ్‌లో, 2025లో సొంత గడ్డ ఒట్టావాలో, రెండుసార్లూ క్వార్టర్ ఫైనల్లోనే ఇంటిదారి పట్టింది. రెండుసార్లూ చెక్ జట్టు చేతిలోనే, రెండుసార్లూ ఆఖరి నిమిషంలో పడ్డ గోలుతోనే. ఒట్టావాలో గ్రూపు దశలో లాత్వియా చేతిలో కూడా షూటౌట్‌లో ఓడిపోయారు. లాత్వియా అంటే మన విజయవాడ, గుంటూరు కలిపినంత జనం ఉన్న దేశం. పైగా ఆ ఏడు ఒట్టావా మంచు మీద కప్పు ఎత్తింది అమెరికా. అక్కడి వాళ్ల కడుపుమంట నాకు అర్థమవుతుంది. మిసిసాగా తమ్ముడి గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువ వినిపించింది.

అయితే ఇది వాళ్లకి మొదటిసారి కాదు. 1981లో ఏడో స్థానంలో నిలిచారు. అప్పటిదాకా ఎక్కువగా జూనియర్ ఛాంపియన్ క్లబ్బునే దేశం తరఫున పంపేవాళ్లు. ఆ దెబ్బతో దేశమంతా వెతికి ఏరి జట్టు కట్టే పద్ధతి మొదలుపెట్టి, 1982లోనే స్వర్ణం కొట్టారు. ఆ రోజు మైదానంలో కెనడా జాతీయగీతం రికార్డు లేకపోతే కుర్రాళ్లు వరసగా నిలబడి తామే పాడుకున్నారు. 1998లో కజకిస్తాన్ చేతిలో కూడా ఓడి ఎనిమిదో స్థానానికి పడిపోతే, మరుసటి ఏడాది టొరంటోలో పెద్ద సదస్సు పెట్టారు. చిన్నపిల్లలకి మ్యాచ్‌లు తగ్గించాలి, ప్రాక్టీసు పెంచాలి, ముందు స్టిక్కు నైపుణ్యం నేర్పాలి అని అందులో తేల్చారు. అంటే జబ్బేమిటో పాతికేళ్ల కిందటే తెలుసు. మందు మాత్రం పూర్తిగా మింగలేదు. నా విసుగంతా అక్కడే.

కెనడా దారిలో పిల్లల్ని చాలా చిన్న వయసులోనే అంచెలుగా విడదీస్తారు. తొమ్మిది, పదేళ్లకే ట్రిపుల్-ఏ, డబుల్-ఏ, సింగిల్-ఏ, ఆ కింద హౌస్ లీగ్ (ఏరివేత లేకుండా అందరూ ఆడేది). పై అంచెలో పడ్డవాడికి మంచి కోచ్, ఎక్కువ ఐస్ టైమ్, గట్టి ప్రత్యర్థులు దొరుకుతారు. కింద పడ్డవాడికి వారానికి ఒకటి రెండు సార్లు రింకు. పదిహేను, పదహారేళ్లకి మేజర్ జూనియర్ లీగుల (కుర్రాళ్ల పెద్ద లీగుల) డ్రాఫ్ట్ వస్తుంది, అంటే జట్లు వంతులవారీగా కుర్రాళ్లని ఏరుకుంటాయి. అక్కణ్ణించి ఇల్లు వదిలి వేరే ఊళ్లో, వేరే కుటుంబం ఇంట్లో ఉంటూ ఆడాలి. ఈ దారికో బలం ఉంది, అది ఒప్పుకోవాలి. పదిహేడేళ్ల కుర్రాడు బస్సుల్లో తిరుగుతూ, పెద్దవాళ్లంత మ్యాచ్‌లు ఆడుతూ, వేల మంది ముందు నిలబడడం నేర్చుకుంటాడు. ఆ రాటుదేలడం ఇంకెక్కడా దొరకదు.

అమెరికా దారిని రెండు ముక్కలుగా చూడాలి. పైముక్క అందరికీ తెలిసిందే. 1996లో మిషిగన్‌లోని యాన్ ఆర్బర్‌లో పెట్టిన జాతీయ శిక్షణ కేంద్రం అది (2015 నుంచి ప్లిమత్‌లో నడుస్తోంది). పదహారు, పదిహేడేళ్ల కుర్రాళ్లని దేశం నలుమూలల నుంచి తెచ్చి ఒకేచోట ఉంచి ఆడిస్తారు. 2019లో ఎన్‌హెచ్ఎల్ (అక్కడి పెద్ద ప్రొఫెషనల్ లీగు) డ్రాఫ్ట్ మొదటి రౌండులో ఆ ఒక్క కేంద్రం నుంచే ఎనిమిది మంది వెళ్లారు. ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు చూసేది ఈ ముక్కనే. "చూశారా, అకాడమీలో పడేస్తే అయిపోతుంది" అంటారు. నాకు ముఖ్యం కిందిముక్క. 2009లో అమెరికా హాకీ సంఘం చిన్నపిల్లల ఆటనే మార్చేసింది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి పూర్తి రింకు వద్దంది. రింకుని అడ్డంగా మూడు ముక్కలు చేసి ఒక్కో ముక్కలో ఆడించమంది. పన్నెండేళ్ల లోపు వాళ్ల జాతీయ ఛాంపియన్‌షిప్‌నే ఎత్తేసింది. శరీరంతో ఢీకొట్టే ఆటని 2011 నుంచి పదమూడేళ్లకి జరిపింది. అప్పట్లో తల్లిదండ్రులు ఎంత గొడవ చేసినా వెనక్కి తగ్గలేదు. 2004 దాకా ఒక్క జూనియర్ స్వర్ణం లేని దేశం ఆ ఏడు మొదటిది కొట్టి, మళ్లీ 2010, 2013, 2017, 2021, 2024, 2025ల్లో గెలిచింది. పై కేంద్రం వల్ల కొంత, కింది మార్పు వల్ల కొంత అని నా లెక్క. కింది మార్పు వాటాయే పెద్దదని నమ్ముతాను.

రింకుని ముక్కలు చేస్తే ఏమవుతుందో నేను పటమటలోనే చూస్తుంటాను. మాది మంచు కాదు, సిమెంటు. ఎండాకాలం సాయంత్రం ఆరు దాటితే గానీ నేల వేడి తగ్గదు. పూర్తి రింకులో ఏడేళ్ల పిల్లల్ని అయిదుగురు అయిదుగురిగా వదిలితే, ఎత్తుగా ఉన్న ఒకడు బంతి తీసుకుని ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లిపోతాడు. మిగతావాళ్లు వెనకాల చక్రాలు ఈడ్చుకుంటూ పోతారు. సన్నగా, బిడియంగా ఉండే పిల్ల ఒకతె అరగంటైనా బంతిని తాకకుండా బయటికి వచ్చేస్తుంది. అదే పాత సైకిల్ టైర్లు అడ్డంగా పేర్చి రింకుని మూడు చేసి ముగ్గురు ముగ్గురిని దింపితే, ఆ పిల్ల స్టిక్కుకి బంతి తగులుతూనే ఉంటుంది. పారిపోవడానికి చోటుండదు కాబట్టి తిప్పడం, దాచడం, పక్కవాడికి అందించడం తప్పనిసరిగా వస్తాయి. ఆస్టన్ మాథ్యూస్ అరిజోనా ఎడారిలో పెరిగి 2016 డ్రాఫ్ట్‌లో మొదటివాడయ్యాడు. చిన్నప్పుడు అతను ముగ్గురేసి ఆడే చిన్న రింకులో చాలా ఆడాడు. మంచు లేని ఊళ్ల వాళ్లం ఆ కుర్రాణ్ణి గుర్తుపెట్టుకోవాలి.

స్వీడన్ కథ నాకు మరీ దగ్గరైంది, ఎందుకంటే వాళ్లూ పడిపోయి లేచినవాళ్లే. 2003 జూనియర్ పోటీల్లో ఎనిమిదో స్థానం. ఆ తర్వాత కోచ్‌లకి శిక్షణ, క్లబ్బుల్లో ప్రాక్టీసు పద్ధతి, పిల్లల ఆట, అన్నీ కూర్చుని సరిచేసుకున్నారు. ఫలితం: 2007 పోటీల నుంచి గ్రూపు దశలో వరుసగా 54 మ్యాచ్‌లు గెలిచారు. 2020 చివర్లో గానీ ఆ వరుస తెగలేదు. ఇదంతా కోటిమంది ఉన్న దేశం చేసిన పని. అక్కడ పిల్లవాడు ఊళ్లోని క్లబ్బులోనే పెరుగుతాడు. దేశమంతా చూసే మొదటి పెద్ద ఏరివేత పదిహేనేళ్ల వయసులో, 1959 నుంచి జరుగుతున్న జిల్లా జట్ల టోర్నీలో వస్తుంది. పదహారేళ్లకి హాకీతో కలిపి చదువు చెప్పే ఉన్నత పాఠశాలలో చేరతాడు. పొద్దున రింకు, మధ్యాహ్నం తరగతి. ఆటా చదువూ ఒకే టైమ్‌టేబుల్లో ఉంటాయి. దీనికీ లోటుంది. అన్ని గ్రూపు మ్యాచ్‌లు గెలిచిన ఆ కాలంలో వాళ్లకి దక్కిన స్వర్ణం ఒక్కటే, 2012లో. నాకౌట్ రోజున గెలిచే మొండితనం కెనడా కుర్రాళ్ల దగ్గరే ఎక్కువ చూశాను.

ఫిన్లాండ్ దాదాపు స్వీడన్ దారే. యాభై ఐదు లక్షల జనంతో 2014, 2016, 2019ల్లో గెలిచారు, మధ్యలో 2017లో తొమ్మిదో స్థానానికీ జారారు. చెక్ వాళ్లు 2000, 2001ల్లో గెలిచి, 2005 కాంస్యం తర్వాత 2023 దాకా పతకం లేకుండా ఉన్నారు. ఆ కాలంలో వాళ్ల మంచి కుర్రాళ్లు చాలామంది చిన్నతనంలోనే బయటి దేశాల లీగులకి వెళ్లిపోయారు. నార్వేలో పదమూడేళ్ల లోపు పిల్లలకి జాతీయ పోటీలే లేవు. హాకీలో వాళ్లది చిన్న దేశం కాబట్టి అక్కడితో ఆపుతాను.

ఇప్పుడు అసలు విషయం. ఈ దారుల మధ్య తేడా డబ్బులో లేదు, మంచులో లేదు, కోచ్‌లలో కూడా అంతగా లేదు. పిల్లవాణ్ణి ఏ వయసులో "నువ్వు పనికొస్తావు, నువ్వు పనికిరావు" అని విడదీస్తున్నాం అన్నదే నా దృష్టిలో తేల్చే అంశం. 1980లలో కెనడాలోని లెత్‌బ్రిడ్జ్‌లో రోజర్ బార్న్‌స్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త భార్యతో కలిసి జూనియర్ మ్యాచ్‌కి వెళ్లాడు. ప్రేక్షకులకి ఇచ్చే పుస్తకంలో ఆటగాళ్ల పుట్టిన తేదీలు చూస్తుంటే, జనవరి, ఫిబ్రవరి, మార్చి పేర్లే ఎక్కువగా ఉన్నాయని ఆమె కనిపెట్టింది. వయసు కటాఫ్ జనవరి 1. అదే ఏడాది పుట్టినవాళ్లలో జనవరి పిల్లాడు డిసెంబరు పిల్లాడి కన్నా దాదాపు ఏడాది పెద్ద. తొమ్మిదేళ్ల వయసులో ఆ ఏడాదికి ఎంత బలం తేడా ఉంటుందో ఏ తల్లినడిగినా చెబుతుంది. పెద్దవాణ్ణి ప్రతిభ అని పైకి పంపి, చిన్నవాణ్ణి పక్కన పెడుతున్నాం. పైకి వెళ్లినవాడికి మంచి కోచింగ్ దొరికి నిజంగానే మెరుగవుతాడు. "చూశారా, మా సెలెక్షన్ కరెక్టే" అంటాం. పక్కన పెట్టినవాడు పద్నాలుగేళ్లకి ఎదిగేసరికి రింకులో ఉండడు. లాత్వియా చేతిలో ఓడిన రోజు కెనడాకి కావలసిన కుర్రాడు అలా తొమ్మిదేళ్లకే ఇంటికి వెళ్లిపోయి ఉంటాడని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మన దగ్గర ఇది ఇంకా దారుణం. తేదీలు దిద్ది రెండేళ్లు తగ్గించి ఆడించడం మనకి కొత్త కాదు. ఇక విజయవాడ, గుంటూరులో ఆరో తరగతికే ఫౌండేషన్ బ్యాచ్, అందులో మళ్లీ మార్కుల ప్రకారం సెక్షన్లు. ఎనిమిదిలోకి వచ్చాడంటే సాయంత్రం క్లాసు తొమ్మిది దాకా. నా దగ్గర బాగా ఆడిన పిల్లల్లో చాలామంది సరిగ్గా అక్కడే ఆగిపోయారు. ఒక సెలెక్షన్స్‌లో, ఎక్కడో చెప్పను, పదేళ్ల పిల్లల్ని ఒక్క స్ప్రింట్ పరిగెత్తించి సగం మందిని పంపించేశారు. స్టిక్కు పట్టుకోమని కూడా అనలేదు. ఏడుస్తూ స్కేట్లు విప్పుకున్న పిల్లల్లో ఒకడు మళ్లీ రాలేదు. వాళ్లమ్మ స్కేట్లు అమ్మిపెట్టమని నాకే ఇచ్చింది.

ఆలస్యంగా తేల్చుకోవడం కుదురుతుందా అంటే మన వాళ్లనే చూడండి. వెన్నం జ్యోతి సురేఖ పసితనంలో కృష్ణా నది ఈది పేరు తెచ్చుకున్న పిల్ల. విల్లు ఆ తర్వాతే పట్టింది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. గుంటూరు కిడాంబి శ్రీకాంత్ ముందు డబుల్స్ ఆడేవాడు. గోపీచంద్ దగ్గరికి వెళ్లాకే సింగిల్స్‌కి మారి, 2018లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. శ్రీకాంత్ చిన్నప్పటి నుంచే ఇంటికి దూరంగా హాస్టల్లో పెరిగాడు. అంటే హాస్టల్ దారి పనికిరాదని నేననడం లేదు. పదిహేను దాటాక, పిల్లవాడే అడిగితే, పంపండి.

కాబట్టి నా ఓటు ఇలా: పన్నెండేళ్ల దాకా అమెరికా కిందిముక్క, పదహారు దాకా స్వీడన్ క్లబ్బు, ఆ తర్వాత కెనడా రాటుదేలుడు. మూడింట్లో ఒక్కటే ఎంచుకోమంటే స్వీడన్.

మిసిసాగా తమ్ముడూ, మీవాడు నవంబరులో పుట్టాడు. ట్రిపుల్-ఏ ట్రయల్స్‌లో రాలేదని ఆ వేసవంతా ప్రైవేటు స్కేటింగ్ కోచ్‌కి డబ్బు పొయ్యకు. హౌస్ లీగ్‌లోనే ఉంచు. ఇంటి ముందు రోడ్డు మీద బంతితో ఆడనివ్వు. వేసవిలో ఈతకో సాకర్‌కో పంపు. పదమూడో ఏడు వచ్చాక మళ్లీ ట్రయల్స్‌కి తీసుకెళ్లు. కాల్గరీ అమ్మాయీ, నీ కూతురి క్లబ్బులో చిన్న రింకు ఆటలు పెడుతున్నారని మిగతా తల్లిదండ్రులు గొడవ చేస్తున్నారన్నావు. నువ్వు మాత్రం కోచ్ పక్షాన నిలబడు.

పటమట పిల్లల తల్లిదండ్రులకి: ఈ ఏడాది నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకి నా దగ్గర సెలెక్షన్స్ ఉండవు, ఏ బ్యాచ్, బీ బ్యాచ్ అని విడదీయడం ఉండదు. అందరూ మూడు ముక్కల రింకులోనే ఆడతారు. పాత సైకిల్ టైర్లుంటే తెచ్చిపెట్టండి. సర్టిఫికెట్ కోసమే పంపేవాళ్లు ముందే చెబితే, వేరే చోటు నేనే చూపిస్తాను.