లెజెండ్‌కు ఎక్స్‌ప్రెషనా, స్క్రిప్టా?

వానాకాలం వచ్చిందంటే నల్లగొండలో వార్తల వీడియోలు చేసేవాళ్లకు కృష్ణా ప్రాజెక్టుల నీటిమట్టం చార్టు తప్పదు. యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో బార్లు కదిలించడం తేలికే, సతాయించేది ఏ రంగు ఏ ప్రాజెక్టుదో చెప్పే పట్టీ, అంటే లెజెండే. ‘జూరాల’ పొట్టి పేరు, ‘నాగార్జునసాగర్’ చాంతాడంత. పేరు మార్చగానే పక్కనున్న రంగు గడి మీదికి అక్షరాలు ఎక్కేస్తాయి.

ఎక్స్‌ప్రెషన్, అంటే లేయర్‌కు తగిలించే చిన్న కోడ్, రాస్తే ఆ గొడవ ఉండదు. పేరు ఒక లేయర్, రంగు గడి ఇంకో లేయర్. లేయర్ కొలతలు చెప్పే సోర్స్‌రెక్ట్‌ఎట్‌టైమ్ అనే ఆదేశంతో పక్కనున్న పేరు ఎడమ అంచు, వెడల్పు తెలుసుకుని, కొంత ఖాళీ కలిపి, గడి లేయర్ తన చోటు తనే లెక్కేసుకుంటుంది. నీటిమట్టం అంకెను కూడా స్లైడర్‌కు, అంటే విలువను పెంచి తగ్గించే మీటకు, ముడిపెట్టొచ్చు. సాగర్ బారు పూర్తి మట్టం 590 అడుగుల వైపు ఎక్కుతుంటే, లెజెండ్‌లో అంకె దాంతోపాటే పెరుగుతుంది. కాకపోతే ఎక్స్‌ప్రెషన్ కొత్త లేయర్‌ను పుట్టించలేదు. పైగా కదిలే వాటికి ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ లెక్క వేయాలి కాబట్టి, లేయర్లు ఎక్కువైతే ప్రివ్యూ నత్తనడకే.

సాఫ్ట్‌వేర్‌తో పనులు చేయించే ప్రోగ్రామ్ అయిన స్క్రిప్ట్ తీరు వేరు. ఫైల్ మెనూలోంచి ఒకసారి నడిపితే సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక ఫైలు) చదివి, పేర్లు, గడులు వరుసగా పేర్చి తప్పుకుంటుంది. రేపు పేరు మారిస్తే మళ్లీ నడపాల్సిందే.

మూడు ప్రాజెక్టుల చార్టుకు స్క్రిప్ట్ దండగ, ఎక్స్‌ప్రెషన్ చాలు. మండలాలవారీ వర్షపాతమైతే మాత్రం లేయర్లను స్క్రిప్ట్‌తో పుట్టించి, వాటిలో ఎక్స్‌ప్రెషన్‌ను కూడా దాంతోనే రాయించాలి. అన్నట్టు, ఒత్తులు విడిపోతుంటే కోడ్‌ను అనుమానించకండి, పాత వెర్షన్ వాడుతుంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్ ఇంజన్ ఎంచుకున్నారో లేదో చూడండి.