ఏఎం4లోనే మరో చిప్పు వేసుకోవడం మేలా, ఏఎం5కు మారడం మేలా?

2019 జూలైలో విడుదలైన ఏఎండీ సంస్థ రైజెన్ 5 3600 ప్రాసెసర్‌ను బీ450 మదర్‌బోర్డు మీద, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్‌తో బిగించుకున్నవారి ముందు ఇప్పుడు మూడు దారులున్నాయి. మొదటిది, ఉన్నదానితోనే మరికొంత కాలం నడపడం. రెండోది, బోర్డునూ ర్యామ్‌నూ కదపకుండా అదే ఏఎం4 సాకెట్‌లో (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటులో) రైజెన్ 5000 తరం చిప్పును వేసుకోవడం. మూడోది, బోర్డు, ర్యామ్, చిప్పు అన్నీ మార్చి తరువాతి సాకెట్ అయిన ఏఎం5కు వెళ్లడం. ఎక్కువమందికి రెండో దారే మేలని నా అభిప్రాయం. అయితే ఏ పని చేస్తున్నప్పుడు కంప్యూటర్ మనల్ని నిరీక్షింపజేస్తున్నదో తెలుసుకోకుండా ఈ మూడింటిలో దేనికి డబ్బు పెట్టినా అది గుడ్డి ఖర్చే అవుతుంది.

అందుకు కొత్త పరికరమేమీ అక్కర్లేదు, విండోస్‌లోని టాస్క్ మేనేజర్ చాలు. ఆట ఆడుతున్నప్పుడు గ్రాఫిక్స్ కార్డు వినియోగం 95 శాతానికి పైగా నిలకడగా ఉంటే అడ్డు పడుతున్నది ఆ కార్డే కాబట్టి ప్రాసెసర్‌ను మార్చినా ఫ్రేములు (తెర మీద సెకనుకు మారే చిత్రాలు) పెద్దగా పెరగవు. ఫ్రేములకు పరిమితి పెట్టకుండానే అదే కార్డు 60, 70 శాతం దగ్గర ఆగిపోతుంటే ప్రాసెసర్ దానికి పని అందించలేకపోతున్నదని అర్థం. ఇక్కడ చాలామంది ప్రాసెసర్ మొత్తం వినియోగం 50 శాతమే ఉందని చూసి అది ఖాళీగా ఉందనుకుంటారు. కానీ ఆట భారమంతా ఒకటి రెండు కోర్ల (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాల) మీదనే పడినప్పుడు మిగిలిన కోర్లు ఊరకే ఉండటం వల్ల మొత్తం అంకె తక్కువగా కనిపిస్తుంది. అందుకే గ్రాఫిక్స్ కార్డు అంకెనే ప్రమాణంగా తీసుకోవాలి. ఇక వీడియో ఎడిటింగ్‌లో ర్యామ్ నిండిపోయి ఆగుతున్నా, సిస్టమ్ ఇంకా హార్డ్ డిస్క్ మీదనే ఉన్నా ముందుగా మార్చవలసినవి అవే.

ప్రాసెసరే అడ్డని తేలినవారి సంగతి చూద్దాం. 3600లోని జెన్ 2 నిర్మాణంలో ఆరు కోర్లు మూడేసి చొప్పున రెండు గుంపులుగా ఉంటాయి, ఒక్కో గుంపుకు 16 ఎంబీ ఎల్3 క్యాష్ (తరచూ కావలసిన సమాచారాన్ని కోర్ల పక్కనే ఉంచే వేగవంతమైన చిన్న మెమరీ) ఉంటుంది. ఒక గుంపులోని కోరుకు రెండో గుంపు నుంచి సమాచారం కావలసి వస్తే అది చుట్టూ తిరిగి రావలసిందే. 2020 నవంబరులో వచ్చిన జెన్ 3లో ఈ అడ్డుగోడ తీసేసి, ఒకే చిప్పులెట్‌లోని (ప్రాసెసర్‌లో కోర్లుండే ముక్కలోని) కోర్లన్నింటికీ 32 ఎంబీ క్యాష్‌ను ఉమ్మడి చేశారు. అదే వేగం వద్ద సగటున 19 శాతం ఎక్కువ పని జరుగుతుందని ఏఎండీ ప్రకటించింది. 3600 గరిష్ఠ వేగం 4.2 గిగాహెర్ట్జ్, జెన్ 3 చిప్పయిన రైజెన్ 5 5600 గరిష్ఠ వేగం 4.4 గిగాహెర్ట్జ్. ఆ 19 శాతాన్నీ ఈ వేగం తేడానూ కలిపి లెక్క కడితే ఒక్కో కోరు మీద సుమారు 25 శాతం లాభం కనిపిస్తుంది. ఒక్క చిప్పు మార్పుతో దక్కే ఈ లాభం తీసిపారేయదగినది కాదు.

ఆటలే ముఖ్యమైనవారికి ఏఎం4లోనే అంతకు మించినవి రెండున్నాయి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 5800ఎక్స్3డీలోనూ, 2024 జనవరి చివర్లో వచ్చిన 5700ఎక్స్3డీలోనూ ప్రాసెసర్ పైన అదనపు క్యాష్ పొర పేర్చి మొత్తాన్ని 96 ఎంబీకి పెంచారు. ఫ్లైట్ సిమ్యులేటర్ల వంటి ఆటల్లో కావలసిన సమాచారం ర్యామ్ దాకా పోకుండా క్యాష్‌లోనే దొరకడం వల్ల ఫ్రేముల మధ్య వచ్చే కుదుపు బాగా తగ్గుతుంది. అయితే 5700ఎక్స్3డీ గరిష్ఠ వేగం 4.1 గిగాహెర్ట్జ్ మాత్రమే. కాబట్టి ఆటలు ఆడని మనిషి దీనికి ఎక్కువ ధర పెట్టడంలో అర్థం లేదు. అతనికి ఎనిమిది కోర్ల 5700ఎక్స్ సరిపోతుంది. ఈ 3డీ చిప్పులు ఇప్పుడు కొత్తవిగా దొరకడం అరుదైపోయింది. వాడినది కొనవలసి వస్తే అది తమ ఎదుటే ఒక బోర్డు మీద నడిచిన తరువాతనే డబ్బివ్వడం మంచిది. ఏఎం4లో పిన్నులు చిప్పుకే ఉంటాయి కాబట్టి అవి వంగి ఉన్నాయేమో దగ్గరగా చూడాలి.

పేర్ల విషయంలో ఇంకొక జాగ్రత్త అవసరం. 5500, 5600జీ, ఎక్స్ లేని 5700 అనే మూడూ 5000 వరుసలోనివే అయినా వేరే చిప్పు నుంచి తయారైనవి. వాటిలో ఎల్3 క్యాష్ 16 ఎంబీ మాత్రమే, పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డును ప్రాసెసర్‌తో కలిపే మార్గం) కూడా మూడో తరానిదే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా పెట్టె మీద అంకెనూ చివరి అక్షరాన్నీ చదివి తీరాలి.

మార్పిడిలో శ్రమ తక్కువే అయినా వరుస తప్పకూడదు. పాత చిప్పు ఉండగానే బోర్డు తయారీదారు సైట్ నుంచి కొత్త బయోస్ (బోర్డును నడిపించే మూల సాఫ్ట్‌వేర్) ఎక్కించాలి. ముందే చిప్పు మార్చేస్తే బోర్డు దాన్ని గుర్తించక తెర వెలగదు. కంప్యూటర్‌ను కాసేపు నడిపి, వేడి మీద ఉండగా ఆపి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయాలి. చిప్పుకూ కూలర్‌కూ మధ్య పూసిన థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండగా నిటారుగా లాగితే చిప్పు సాకెట్ నుంచి ఊడి కూలర్‌తో పాటే వచ్చి పిన్నులు పాడవుతాయి. 5600తో కూలర్ వస్తుంది, 3డీ చిప్పులతో రాదు. క్యాష్ పొర కోర్ల పైన కూర్చోవడం వల్ల వేడి త్వరగా బయటకు రాదు. మన ఎండాకాలంలో గది వేడే 40 డిగ్రీలకు చేరుతుంది కనుక 3600తో వచ్చిన చిన్న కూలర్‌ను వీటికి వాడకూడదు.

ఇక ఏఎం5. 2022 సెప్టెంబరులో రైజెన్ 7000తో మొదలైన ఈ సాకెట్‌లో డీడీఆర్5 తప్ప మరే ర్యామూ పనిచేయదు. ఆ 7000 తరంలోని జెన్ 4కు సగటున 13 శాతం, 2024 ఆగస్టులో 9000 తరంతో వచ్చిన జెన్ 5కు మరో 16 శాతం పెరుగుదలను ఏఎండీ ప్రకటించింది. 5.1 గిగాహెర్ట్జ్ దాకా పోయే 7600ను 3600తో పోల్చి అదే లెక్క వేస్తే ఒక్కో కోరు మీద దాదాపు 60 శాతం లాభం వస్తుంది. అంటే 5600 ఇచ్చేదానికి రెట్టింపు కంటే ఎక్కువ. రోజంతా కోడ్ కంపైల్ చేసేవారికి, పెళ్లి వీడియోలు కూర్చి గడువులోగా అందించవలసినవారికి, త్రీడీ రెండరింగ్ చేసేవారికి ఈ తేడా నేరుగా సంపాదనలో కనిపిస్తుంది. వారిని నేను ఏఎం4లో ఉండమని చెప్పను. చివర ఎఫ్ లేని 7000, 9000 తరం చిప్పుల్లో చిన్న గ్రాఫిక్స్ కూడా ఉంటుంది కాబట్టి కార్డు పాడైన రోజున పని ఆగదు. 3600లో ఆ సౌకర్యం లేదు. ఏఎం5కు 2027 వరకూ, ఆ పైనా కొత్త చిప్పులు తెస్తామని ఏఎండీ చెప్పింది కాబట్టి ఇప్పుడు కొన్న బోర్డులో మున్ముందు చిప్పు ఒక్కటే మార్చుకునే వీలుంటుంది.

అసలు చిక్కు ర్యామ్ ధర. కృత్రిమ మేధ డేటా కేంద్రాల గిరాకీ వైపు తయారీదారులు మొగ్గడంతో 2025 ద్వితీయార్ధం నుంచి డీడీఆర్5 ధరలు విపరీతంగా పెరిగాయి. ర్యామ్ తయారుచేసే మైక్రాన్ సంస్థ సాధారణ కొనుగోలుదారులకు అమ్మే క్రూషియల్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించింది. చిప్పుకు పెట్టవలసిన డబ్బు ర్యామ్‌కే పోతున్న సమయంలో చేతిలో ఉన్న డీడీఆర్4ను పక్కన పడేసి వెళ్లడానికి గట్టి కారణం ఉండాలి. డీడీఆర్5 అన్ని విధాలా వేగవంతమైనదని అనుకోవడమూ పూర్తిగా సరికాదు. 6000 వేగపు డీడీఆర్5 రెండు చానెళ్లలో సెకనుకు 96 జీబీ అందించగలిగితే, 3200 వేగపు డీడీఆర్4 అందించగలిగేది 51.2 జీబీ. కానీ సీఎల్30 డీడీఆర్5ను, సీఎల్16 డీడీఆర్4ను తీసుకుంటే (సీఎల్ అంటే ర్యామ్ స్పందించడానికి పట్టే ఆలస్యపు అంకె) అడిగిన సమాచారం రావడం మొదలవడానికి రెండింటికీ పట్టే కాలం 10 నానోసెకన్లే. కొనేవారు రెండు స్టిక్కులే కొనాలి. నాలుగు పెడితే ఏఎం5లో ఏఎండీ హామీ ఇచ్చే ర్యామ్ వేగం 3600కు పడిపోతుంది. బిగించిన తరువాత మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు నల్లటి తెరే ఉంటుంది, కంగారుపడి ఆపేయకూడదు.

ఏఎం5కు వెళ్లాలని తేల్చుకున్నవారు అందులో కొత్త తరాన్నే కొనాలన్న నియమమేమీ లేదు. 9600ఎక్స్, 9700ఎక్స్ వచ్చినప్పుడు స్వతంత్ర పరీక్షల్లో ఆటలకు సంబంధించి 7000 తరం మీద స్వల్పమైన తేడాయే కనిపించింది. ఏవీఎక్స్-512ను (ఒకేసారి ఎక్కువ అంకెలను లెక్కించే ఆదేశాలను) బాగా వాడుకునే శాస్త్రీయ గణనల్లో మాత్రం జెన్ 5 నిజంగా ముందుంటుంది. ధరలో తేడా ఎక్కువగా ఉంటే 7600 తీసుకొని మిగిలిన డబ్బు ర్యామ్‌కు పెట్టడమే తెలివైన పని. ఆటలకే అంకితమైన యంత్రానికి, ఖర్చుకు వెరవకపోతే, 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డీ తీసుకోవచ్చు. దానిలో క్యాష్ పొరను కోర్ల కిందికి మార్చడం వల్ల వేడి సమస్య తగ్గి వేగం కూడా పెరిగింది.

ఇంటెల్ గురించి క్లుప్తంగా చెబుతాను. 13, 14 తరాల చిప్పుల్లో అధిక వోల్టేజీ వల్ల వచ్చిన అస్థిరతను ఆ సంస్థే 2024లో అంగీకరించి, మైక్రోకోడ్ (చిప్పు లోపలి ఆదేశాల) సవరణలు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అందువల్ల ఆ తరాల పెద్ద చిప్పులను వాడినవిగా కొనడాన్ని నేను సమర్థించను. అయితే 10-బిట్ 4:2:2 హెచ్ఈవీసీ (రంగుల వివరం ఎక్కువగా ఉండే ఒక వీడియో రూపం) ఫుటేజీ ఇచ్చే కెమెరాలతో పనిచేసే వీడియోగ్రాఫర్లకు ఇంటెల్ చిప్పులోని గ్రాఫిక్స్ ఆ ఫుటేజీని హార్డ్‌వేర్‌లోనే విప్పగలదు. రైజెన్‌లోని గ్రాఫిక్స్ ఆ పని చేయలేదు. అలాంటివారికి కోర్ అల్ట్రా 200 వరుస పరిశీలించదగినదే.

విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది కదా, అందుకైనా మార్చాలా అన్న ప్రశ్నకు జవాబు సులభం. 3600 విండోస్ 11కు అర్హమైనదే, బయోస్‌లో ఎఫ్‌టీపీఎం (విండోస్ 11 కోరే భద్రతా సౌకర్యం) ఆన్ చేస్తే సరిపోతుంది. మొదటి తరం రైజెన్ 1600 వంటివి మాత్రం ఆ జాబితాలో లేవు. అవి ఉన్నవారి బోర్డుకు 5000 తరం బయోస్ ఉంటే 5600 ఒక్కటే వేసుకొని గండం గట్టెక్కవచ్చు. ఇంటెల్ ఏడో తరం, అంతకు ముందరివి ఉన్నవారికి అటువంటి దారి లేదు. పని ఆగకుండా ఉంటే ర్యామ్ ధరలు దిగేదాకా ఓపిక పట్టి, విండోస్ 10కు 2026 అక్టోబరు 13 వరకూ ఉన్న అదనపు భద్రతా నవీకరణలకు నమోదు చేసుకోవచ్చు.