గర్భిణి, బిడ్డ మానిటర్ చేసే కంపెనీకి మొదటి సలహాదారు: ప్రొఫెసరా, లేబర్ రూమ్ సిస్టరా, సిగ్నల్ ఇంజనీరా?

హైదరాబాద్‌లోనూ విశాఖ మెడ్‌టెక్ జోన్ చుట్టుపక్కలా పరికరాలు తయారుచేస్తున్న చిన్న కంపెనీల వాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. "బిడ్డ గుండె చప్పుడు, తల్లి నొప్పులు చూసే మానిటర్ చేస్తున్నాం. ప్రోటోటైప్ పనిచేస్తోంది. సలహాదారుకి ఇప్పుడు ఒక్కరికే డబ్బు పెట్టగలం. ఎవరిని తీసుకోవాలి?" పరికరం డాప్లర్ ప్రోబు (శబ్ద తరంగాలతో కదలికను పట్టే సెన్సర్) మీద నడిచే సీటీజీ, అంటే బిడ్డ గుండె వేగాన్నీ తల్లి నొప్పులనూ గీతలుగా గీసే మెషీన్ కావచ్చు, పొట్ట మీద అంటించే ఈసీజీ ప్యాచ్ కావచ్చు. ప్రశ్న మాత్రం మారదు.

చాలామంది మొదట పేరున్న ప్రొఫెసర్ దగ్గరికి వెళ్తారు. ఇన్వెస్టర్‌కి చూపించే స్లైడులో ఆ పేరు బాగుంటుంది. నేనైతే లేబర్ రూమ్‌లో కనీసం పదేళ్లు నైట్ డ్యూటీలు చేసిన సిస్టర్‌ని, లేదా శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌ని ముందు తీసుకోమంటాను. ప్రొఫెసర్ తప్పకుండా కావాలి, కానీ రెండో స్థానంలో.

ఈ రంగంలో పరికరాలు ఎక్కడ ఓడిపోయాయో చూస్తే కారణం తెలుస్తుంది. బిడ్డ చెంపకు ఆనించి ఆక్సిజన్ శాతం కొలిచే ఆక్సిఫస్ట్‌కు 2000లో అమెరికా ఔషధ, పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అంకె బాగానే చూపించేది. 2006లో 5,341 మంది తల్లులతో చేసిన ట్రయల్ ఫలితాలు వచ్చాయి. ఆ అంకె డాక్టర్లకు కనిపించినా, కనిపించకుండా దాచినా సిజేరియన్లు తగ్గలేదు, బిడ్డల స్థితిలోనూ తేడా లేదు. బిడ్డ ఈసీజీలో ఎస్‌టీ భాగాన్ని (ఆక్సిజన్ చాలనప్పుడు మారే గీత ముక్కను) చూసే స్టాన్ పద్ధతి 2001 నాటి స్వీడన్ ట్రయల్‌లో మేలు చేసినట్టు కనిపించింది. అమెరికాలో 11,108 మందితో చేసి 2015లో ప్రచురించిన ట్రయల్‌లో ఆ మేలు కనిపించలేదు. సీటీజీ గీతను కంప్యూటర్ చదివి హెచ్చరించే సాఫ్ట్‌వేర్ మీద బ్రిటన్, ఐర్లాండ్‌లలో 46 వేల మందికి పైగా తల్లులతో ఇన్‌ఫాంట్ ట్రయల్ జరిగింది. 2017లో వచ్చిన దాని ఫలితమూ అంతే.

వీటిలో ఏదీ సెన్సర్ చెడిపోయి ఓడిపోలేదు. తెర మీద అంకె వచ్చాక గదిలో ఏం జరుగుతుందన్న దగ్గరే కథ అడ్డం తిరిగింది. ఎవరు చూస్తారు, ఎవరికి ఫోన్ చేస్తారు, నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ డ్రిప్ ఆపుతారా, తల్లిని ఎడమవైపు తిప్పుతారా, థియేటర్ ఖాళీగా ఉందా? ఈ వరుస మొత్తం కళ్లారా చూసేది లేబర్ రూమ్‌లో నిలబడి ఉన్న మనిషే. నా దృష్టిలో సలహాదారు ఎంపికను తేల్చే అంశం ఇదొక్కటే.

ఇప్పుడు సిస్టర్ చెప్పే విషయాలు చూడండి. ఇవి స్పెసిఫికేషన్ షీట్‌లో దొరకవు.

బిడ్డ కిందికి దిగేకొద్దీ గుండె చప్పుడు బాగా వినపడే చోటు కూడా కిందికి, మధ్యకు జరుగుతుంది. ఉదయం ఎనిమిదింటికి బొడ్డుకు ఎడమ పక్కన కట్టిన ప్రోబు మధ్యాహ్నానికి ఏమీ పట్టదు. తల్లి పక్కకు తిరిగితే బెల్టు జారుతుంది. ఏసీ కింద జెల్ ఎండిపోతుంది. నొప్పులు కొలిచే టోకో ప్రోబుకు జెల్ అక్కర్లేదు, దాన్ని గర్భసంచి పైభాగాన పెట్టాలి. కొత్తవాళ్లు దానికీ జెల్ పూస్తారు, అది జారిపోతుంది. టోకోని నొప్పికీ నొప్పికీ మధ్య సున్నా చెయ్యాలి. నొప్పి ఉండగా బటన్ నొక్కితే గీత మొత్తం అడుగున పడిపోతుంది. అప్పుడు గుండె వేగం పడిపోవడం నొప్పితో పాటు జరిగిందా, నొప్పి తర్వాతా అన్నది ఎవరూ చెప్పలేరు. మెషీన్ గడియారం ఇరవై నిమిషాలు వెనక ఉంటే గీత పడిన కాగితం స్ట్రిప్‌కీ కేస్ షీట్‌కీ పొంతన కుదరదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది తల్లి నాడిని బిడ్డ గుండెగా చూపించడం. డాప్లర్‌కి కదిలే రక్తం, కదిలే గోడ మాత్రమే తెలుసు, అవి ఎవరివో తెలియదు. ప్రోబు కాస్త జరిగితే తల్లి రక్తనాళాన్ని పట్టుకుంటుంది. కాన్పు రెండో దశలో తల్లి ముక్కుతున్నప్పుడు ఆమె గుండె వేగం 120, 130 దాటుతుంది. బిడ్డకు ఉండాల్సిన 110–160 పరిధిలోనే కాబట్టి తెర మీద అంతా సవ్యంగా కనిపిస్తుంది. అనుభవమున్న సిస్టర్ ఒక గుర్తు చెబుతుంది: ముక్కిన ప్రతిసారీ గీత పైకి లేస్తుంటే అనుమానించు, తల్లి మణికట్టు పట్టుకుని నాడి చూడు. ఈ మాటను ఇంజనీర్లు డిజైన్‌గా మార్చాలి. తల్లి వేలికి పల్స్ ఆక్సిమీటర్ పెట్టి, రెండు వేగాలనూ ఒకే కాగితం మీద గీయాలి. రెండూ కలిసిపోతే వెంటనే హెచ్చరించాలి. నార్వేకి చెందిన లేర్డాల్ సంస్థ మోయో పరికరంలో తల్లి వేళ్లు ఆనించే ఎలక్ట్రోడ్లు పెట్టింది ఈ అవసరానికే.

అలారాల సంగతీ ఆమెకే తెలుసు. సిగ్నల్ పోయినప్పుడల్లా మోగే మెషీన్‌ను రాత్రి రెండింటికి వాల్యూమ్ తగ్గించేస్తారు, తెల్లారేదాకా ఎవరూ పెంచరు. ప్రోబు జారినందుకు ఒక చప్పుడు, బిడ్డ గుండె నిజంగా పడిపోయినందుకు వేరే చప్పుడు ఉండాలి. ఐదు బెడ్లకు ఒక్క సిస్టర్ ఉన్న వార్డులో ఇంకో మాట కూడా అడుగుతుంది: "మీ మెషీన్ లేకుండా నేను చేతి డాప్లర్‌తో చురుకైన నొప్పుల్లో 15 నిమిషాలకోసారి, రెండో దశలో 5 నిమిషాలకోసారి, నొప్పి అయ్యాక నిమిషం పాటు వింటాను. మీ మెషీన్ దానికన్నా నాకేం మిగులుస్తుంది?" ఈ ప్రశ్నకు జవాబు లేని కంపెనీ అమ్మకాల దాకా వెళ్లకుండా ఆగి ఆలోచించడం మంచిది. అప్పుడప్పుడు వినడంతో పోలిస్తే ఎడతెగని సీటీజీ వల్ల నవజాత శిశువుల్లో ఫిట్స్ దాదాపు సగానికి తగ్గినా, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు కుదరకపోవడం) గానీ మరణాలు గానీ తగ్గినట్టు తేలలేదనీ, సిజేరియన్లు మాత్రం పెరిగాయనీ ట్రయల్స్‌ను కలిపి చూసే కాక్రేన్ సమీక్ష చెబుతోంది.

ఇలాంటి మనిషి ఎక్కడ దొరుకుతారు? తెలంగాణలో 2017 నుంచి హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ప్రసూతి ఆసుపత్రి సహకారంతో స్టాఫ్ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ నడిచింది. అలా తయారైనవాళ్లు, రిటైరైన నర్సింగ్ సూపరింటెండెంట్లు, నర్సింగ్ కాలేజీల్లో ప్రసూతి విభాగం చెప్పే ట్యూటర్లు మంచి ఎంపిక. ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటే రాతపూర్వక అనుమతి లేకుండా పైసా ఇవ్వకండి, అది ఆమెకే ముప్పు. ఇచ్చేది మాత్రం డాక్టరుకి ఇచ్చినంత గౌరవంగా ఇవ్వండి. శాలువా, మెమెంటోలతో సరిపెట్టే పద్ధతి ఇక్కడ చెల్లదు.

ప్రొఫెసర్ వల్ల వచ్చే బలం వేరు. మొదటి వాణిజ్య సీటీజీని 1968లో హ్యూలెట్ ప్యాకర్డ్ తెచ్చినప్పుడు వెనకున్నది కోన్రాడ్ హమ్మాకర్ అనే ప్రసూతి వైద్యుడు. ఆక్స్‌ఫర్డ్‌లో జెఫ్రీ డాస్, క్రిస్టఫర్ రెడ్‌మన్ కలిసి పెట్టిన కొలమానాలు ఇవాళ్టికీ కాన్పుకు ముందు తీసే కంప్యూటర్ సీటీజీకి ప్రమాణం. అంటే డాక్టరు గీతలను పోగుచేసి, ప్రతి గీతకూ బిడ్డ ఎలా పుట్టిందో జతచేసి ఏళ్లతరబడి చూసే రకమైతే, అంతకు మించిన సలహాదారు లేరు. మన దగ్గర చాలా యూనిట్లలో సీనియర్లు స్ట్రిప్‌ను చూసేది వాట్సాప్ ఫొటోలో. బెల్టు కట్టే పని వాళ్లది కాదు, తప్పేమీ లేదు, కానీ మీ పరికరంలో లోపాలు వాళ్ల దాకా చేరవు.

ప్రొఫెసర్‌ని ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న చాలు: "మీ యూనిట్‌లో గీత బాగాలేదని చేసిన సిజేరియన్లలో ఎంతమంది బిడ్డలు పుట్టగానే గట్టిగా ఏడ్చారు? బొడ్డుతాడు రక్తం పీహెచ్ (ఆమ్లత) చూస్తారా?" ఆ లెక్క చేతిలో ఉన్నవారిని వదులుకోకండి. ట్రయల్‌లో ఏం కొలవాలో, ఎంతమంది తల్లులు కావాలో తేల్చేది, ఎథిక్స్ కమిటీ ముందు నిలబడేది వాళ్లే. గీత చదివే పద్ధతి కూడా వాళ్లతోనే తేల్చుకోవాలి: అంతర్జాతీయ ప్రసూతి వైద్యుల సమాఖ్య ఫిగో 2015 మార్గదర్శకాల ప్రకారమా, అమెరికా మూడు కేటగిరీల ప్రకారమా, కాగితం వేగం నిమిషానికి 1 సెంటీమీటరా, 3 సెంటీమీటర్లా? 1 సెం.మీ. కాగితానికి అలవాటుపడిన కంటికి 3 సెం.మీ. గీత సాగిపోయి, ఊగు (గుండె వేగంలో చిన్న హెచ్చుతగ్గులు) తక్కువున్నట్టు కనిపిస్తుంది. ఈ సెట్టింగు ఒక్కటి పొరపాటైతే మంచి గీతకు కూడా థియేటర్‌కి పంపిస్తారు. మరో జాగ్రత్త: వైద్యుల వృత్తి నియమావళి కంపెనీకి సలహా ఇవ్వడాన్ని ఒప్పుకుంటుంది గానీ, ఉత్పత్తిని బహిరంగంగా సిఫారసు చెయ్యడాన్ని ఒప్పుకోదు. బ్రోషర్ మీద ఫొటో వేసి "నేను వాడుతున్నాను, మీరూ వాడండి" అని రాయించకండి.

సిగ్నల్ ఇంజనీరు విషయం మీ పరికరాన్ని బట్టి ఉంటుంది. డాప్లర్ అయితే దారి చాలావరకు తెలిసినదే. ఆటోకోరిలేషన్ (సిగ్నల్ తిరిగి తిరిగి వచ్చే తీరును బట్టి వేగం కట్టే) లెక్కలో వేగం రెట్టింపై గానీ సగమై గానీ పడటం, కవలల్లో రెండు ప్రోబులూ ఒకే బిడ్డను పట్టుకోవడం వంటి చిక్కులను మీ టీమ్ చదువుకుని సరిదిద్దుకోగలదు. పొట్ట మీది ఈసీజీ అయితే లెక్క మారిపోతుంది, ఇంజనీరు ప్రొఫెసర్‌ని దాటి రెండో స్థానానికి వస్తాడు. బిడ్డ సిగ్నల్ కొన్ని పదుల మైక్రోవోల్టులు మాత్రమే. తల్లిది దానికి ఎన్నో రెట్లు. పైగా 28వ వారం నుంచి సుమారు 34వ వారం దాకా బిడ్డ ఒంటి మీది తెల్లటి వెర్నిక్స్ పొర కరెంటును బయటికి రానివ్వదు, ఆ వారాల్లో సిగ్నల్ దాదాపు మాయమవుతుంది. నెలలు నిండిన తల్లుల మీద బాగా పనిచేసిన ప్యాచ్ 30వ వారంలో చేతులెత్తేస్తే అల్గారిథమ్‌ని తిట్టుకుని లాభం లేదు. చర్మాన్ని మెత్తగా రుద్ది, ఎలక్ట్రోడ్ రెసిస్టెన్స్ తగ్గించి అంటించకపోతే కరెంటు లైన్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ మోత మిగతాదాన్ని మింగేస్తుంది.

ఈ ఇంజనీరుని పరీక్షించే తీరు కూడా ఉంది. శరీర సిగ్నళ్ల ఆన్‌లైన్ భాండాగారం ఫిజియోనెట్‌లో ఉచితంగా దొరికే చెక్ ఆసుపత్రి రికార్డులు 552. వాటి మీదే శిక్షణ, వాటి మీదే పరీక్ష చేసి గొప్ప శాతం చూపించే మనిషి వద్దు. సిగ్నల్ పోయిన నిమిషాలను లెక్కలోంచి తీసేశారా లేదా అని మీకంటే ముందు తనే అడిగే మనిషి కావాలి.

రెగ్యులేటరీ నిపుణులకు సలహామండలిలో కుర్చీ అక్కర్లేదు, గంటల లెక్కన ఫీజు ఇవ్వండి. 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ కింద మీ తరగతి, ఐఎస్‌ఓ 13485 (నాణ్యత), 14971 (ప్రమాదాల అంచనా) ఫైళ్లు, క్లినికల్ ఇన్వెస్టిగేషన్‌కి ఎండీ-22 దరఖాస్తు వాళ్లు చూసుకుంటారు. బొమ్మ చూపించే అల్ట్రాసౌండ్ ఏదైనా పరికరంలో ఉంటే లింగనిర్ధారణను అడ్డుకునే పీసీపీఎన్‌డీటీ చట్టం గురించి మొదటి రోజే అడగండి. నవజాత శిశు వైద్యులు, స్టాటిస్టిషియన్ ట్రయల్ దశలో వస్తే చాలు. నెట్‌వర్క్ ఉందని చెప్పుకునే వ్యాపార సలహాదారులను ఈ దశలో పక్కన పెట్టండి.

సిస్టర్‌తో మొదటి నెల పని ఇలా పెట్టుకోండి. నెలకు ఎనిమిది గంటలు, ఏడాది ఒప్పందం, గోప్యత పత్రం, ఆమె సూచనతో వచ్చిన డిజైన్ ఎవరిదో రాతలో. మొదటి రెండు గంటలూ మీరేమీ వివరించకుండా పరికరం పెట్టెను ఆమె చేతికివ్వండి. గ్లౌజులు వేసుకుని, చేతులకు జెల్ అంటి ఉండగా, ఒంటిచేత్తో బెల్టు కట్టి, ఆన్ చేసి, మొదటి అంకె వచ్చేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. ఆమె ఎక్కడ ఆగింది, ఏ బటన్ రెండుసార్లు నొక్కింది, ఏ తీగ అడ్డం పడింది, తుడవడానికి వీలుకాని సందు ఎక్కడుంది, ఇవన్నీ ఆ కాగితం మీదికి రావాలి. తర్వాతి సమావేశానికి ప్రోటోటైప్‌తో పాటు ఆ కాగితం కూడా పట్టుకెళ్లి, ఒక్కో వరుసకూ ఏం మార్చారో ఆమెకు చూపించండి. ప్రొఫెసర్‌తో ట్రయల్ మాటలు ఆ వరుసలన్నీ కొట్టేశాక మొదలుపెట్టండి.