మూడు నెలలుగా మా ఇంట్లో రేడాన్ మీటరు

రేడాన్ అంటే నేలలోంచి ఇంట్లోకి చేరే రేడియోధార్మిక వాయువు. దాన్ని కొలిచే ఈ మీటరు కొన్న రాత్రే తెర మీద 4 అని కనిపించింది. నాలుగే కదా అనుకుని నిశ్చింతగా పడుకున్నాను. ఆ అంకె లీటరుకు పికోక్యూరీలలో ఉందని, బెకెరల్స్‌లోకి (సెకనుకు ఎన్ని పరమాణువులు విచ్ఛిన్నమవుతాయో చెప్పే కొలమానం) మారిస్తే ఘనపు మీటరుకు 148 అవుతుందని మర్నాడు తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీలైనంతవరకు దాటవద్దని చెప్పేది 100. కొలమానం మార్చే మీట ఎక్కడుందనుకున్నారు? వెనక బ్యాటరీ మూత కింద! నేనిచ్చే రేటింగులో ఒక నక్షత్రం అక్కడే కోసేశాను.

మొదటి వారం గంటకోసారి వెళ్లి చూసేదాన్ని. 60, 190, 85... పరికరం పాడైందనుకుని తిరిగి పంపబోయాను. తప్పు నాదే. 100 బెకెరల్స్ ఉన్నచోట లీటరు గాలిలో పది సెకన్లకు ఒక్క రేడాన్ పరమాణువు విచ్ఛిన్నమవుతుంది. ఈ మీటరు లోపల పట్టే గాలి గుక్కెడే. విచ్ఛిన్నమైనప్పుడు వెలువడే ఆల్ఫా కణాలు లెక్కకు సరిపడా తగలాలంటే గంటలు పడుతుంది. పైగా చలి రాత్రుల్లో తలుపులన్నీ మూస్తాం, ఇంట్లోని వెచ్చని గాలి పైకి పోతూ నేలలోని వాయువును పగుళ్లలోంచి లాక్కుంటుంది. అందుకే తెల్లవారుజామున అంకె అంత ఎక్కువ. చూడవలసింది నెల సగటు. మాకు అది కింది గదిలో 170 దగ్గర, మేడ మీద 45 దగ్గర నిలిచింది.

కింది గది అన్నయ్యది. "దగ్గు లేదు, తలనొప్పి లేదు, ఇదేం విషం?" అని నవ్వాడు. రేడాన్ దగ్గు తెప్పించదు మరి. దాని నుంచి పుట్టే పొలోనియం అనే రేడియోధార్మిక మూలకం ఊపిరితిత్తుల్లో అంటుకుని, ఆల్ఫా కణాలతో ఏళ్ల తరబడి కణజాలాన్ని దెబ్బతీస్తుంది. దీర్ఘకాలిక సగటు 100 బెకెరల్స్ పెరిగితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు సుమారు 16 శాతం పెరుగుతుంది. పొగతాగేవారికి రేడాన్ ముప్పు తాగనివారికంటే సుమారు 25 రెట్లు. అన్నయ్య రోజుకో పెట్టె కాలుస్తాడు.

అట్టపెట్టె మీద ‘మీ కుటుంబానికి రక్షణ’ అని రాశారు. ఒట్టి మాట, ఇది కొలుస్తుంది అంతే. గోడ మొదట్లో పగులు పూడ్పించాక సగటు 130కి దిగింది. ఇక నేల కింది గాలిని గొట్టంతో, ఫ్యానుతో ఇంటి పైకి తోడించాలి, పనివాళ్లు వచ్చే వారం వస్తారు.

పొద్దున్నే ముందుగా ఆ అంకె చూసేది ఇప్పుడు అన్నయ్యే. చేతిలో సిగరెట్టు మాత్రం అలాగే ఉంది.