పదిహేడేళ్ల సభ్యత్వం, ఒక మూవ్‌మెంట్ రిజిస్టర్

మా ఉద్యోగుల సంఘంలో చేరి పదిహేడేళ్లయింది. చందా జీతంలోంచే పోతుంది కాబట్టి మొదటి పన్నెండేళ్లు దాని గురించి ఆలోచించనే లేదు. వేతన సవరణలు, ధర్నాలు అందరికీ తెలిసినవే. ఆరోపణ మోపుతూ ఛార్జ్ మెమో వచ్చినప్పుడు సంఘం నాకేం చేసిందో అదే చెప్తాను.

మా సెక్షన్లో ఒక ఫైలు కనిపించకుండా పోయింది. బాధ్యత నాదేనంటూ మెమో ఇచ్చారు. పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఆ టెన్షన్‌లో రాత్రంతా కూర్చుని నాలుగు పేజీలు రాశాను. నా సర్వీసు, ఇంటి పరిస్థితి, చివర్లో ఈసారికి మన్నించమని. మర్నాడు మా సంఘం శాఖ కార్యదర్శి అది మొత్తం చదివి, "తప్పు చేశావా?" అని అడిగారు. "లేదన్నా" అన్నాను. "మరి క్షమాపణ ఎందుకు? రేపు దీన్నే ఒప్పుకోలు అంటారు" అన్నారు. ఆయన రాయించింది ముప్పావు పేజీ. ఆరోపణ నిజం కాదు, దేని ఆధారంగా మోపారో ఆ కాగితాల నకళ్లు ఇప్పించండి, చూశాక పూర్తి జవాబిస్తాను.

నకళ్ల కట్టలో మూవ్‌మెంట్ రిజిస్టర్ పేజీ, అంటే ఏ ఫైలు ఎప్పుడు ఎవరికి వెళ్లిందో రాసే పుస్తకంలోది, ఒకటుంది. ఫైలు నాకు చేరిందని చూపించడానికి వాళ్లే జత చేశారు. నాలుగు వరసల కింద, నేను సెలవులో ఉన్న రోజున అదే ఫైలు వేరే సెక్షన్‌కి వెళ్లినట్టు ఎంట్రీ, తీసుకున్నవాళ్ల సంతకం ఉన్నాయి. తిరిగొచ్చినట్టు ఎక్కడా లేదు. ఎవరూ అంత కిందికి చదవలేదు. నేనూ చదవలేదు. విచారణలో ఆయన నా పక్కన కూర్చుని సాక్షిని మూడే ప్రశ్నలు అడిగారు. మూడోది, "ఈ సంతకం ఎవరిది?" తనదేనని సాక్షి ఒప్పుకున్నారు. ఏడు నెలలకు ఆరోపణ రుజువు కాలేదని ఉత్తర్వు వచ్చింది. ఆపిన ఇంక్రిమెంట్ బకాయితో సహా చేతికొచ్చింది.

ప్రభుత్వ ఉద్యోగుల సంఘాల ప్రతినిధులు పని వేళల్లో కూడా తమ బాధ్యతలు చూసుకునేలా వసతి కల్పించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1978లో చేసిన 151వ కన్వెన్షన్ (అంతర్జాతీయ ఒప్పందం) చెబుతోంది. మా దగ్గర పని వేళల్లో ఆయనకు విచారణ వాయిదాలకు రావడానికి మాత్రమే అనుమతి దొరికేది. కాగితాలు చదవడం, నన్ను సిద్ధం చేయడం అన్నీ ఆయన డ్యూటీ దిగాక చేసినవే.

ఆ తర్వాత రెండేళ్లు కనిపించిన ప్రతివాళ్లనూ సంఘంలో చేరమన్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. నిరుడు బదిలీ విషయమై సంఘానికి మూడుసార్లు రాసిస్తే, అందిందన్న మాట కూడా రాలేదు. మా పక్కనే పనిచేసే కాంట్రాక్టు వాళ్లకు సభ్యత్వమే లేదు. ఆ ఫైలు వాళ్ల చేతుల్లో పోయి ఉంటే విచారణ దాకా వెళ్లేది కాదు, మర్నాటి నుంచి రావద్దనేవాళ్లు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. పైగా ఆ కార్యదర్శి వచ్చే ఏడాది రిటైరవుతున్నారు. సంఘం బాధ్యతల్లోకి కొత్తగా వచ్చిన ఇద్దరూ చురుకైనవాళ్లే, కానీ ఒక్క విచారణలోనూ కూర్చోలేదు. ఆయన ఉండగానే వాళ్లకు నేర్పించండని మొన్నటి సర్వసభ్య సమావేశంలో లేచి అడిగాను. చూద్దామన్నారు.

ఆయన సీటు మా అంతస్తులోనే ఉండటం నాకు కలిసొచ్చింది. దూరపు ఆఫీసుల్లో ఒంటరిగా పనిచేసేవాళ్ల అనుభవం వేరుగా ఉండొచ్చు. నా మట్టుకు నేను చందా ఆపను. మీరు చేరాలనుకుంటే, మీ శాఖలో మెమో అందుకున్నవాళ్లెవరైనా ఉన్నారేమో చూసి, విచారణ రోజు పక్కన ఎవరు కూర్చున్నారో అడగండి.