గాయస్, లూసియస్, మార్కస్: ఈ మూడింట్లో ఏది మేలు?

రోమన్లకి రోడ్లున్నాయి, కాలవలున్నాయి, చట్టాలున్నాయి, మగపిల్లలకి పెట్టడానికి పేర్లే లేవు. జోక్ కాదు, రిపబ్లిక్ చివరి రోజులకి వచ్చేసరికి వాడుకలో ఉన్న సొంత పేర్లు ఇరవై లోపే, అందులో మళ్ళీ ఎక్కడ చూసినా ఈ మూడే. పుట్టిన తొమ్మిదో రోజు పిల్లాడికి పేరు పెట్టేవాళ్ళు, దాని తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత శాఖ పేరో ముద్దుపేరో. గాయస్ జూలియస్ సీజర్ అంటే గాయస్ ఆయన పేరు, జూలియస్ ఇంటిపేరు, సీజర్ ఆ ఇంట్లో ఒక శాఖ. మనందరం సీజర్ సీజర్ అంటాం గానీ ఆయన్ని పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదన్నమాట.

సరే, ఈ మూడింట్లో ఒకటి ఎంచుకోవాలంటే ఏది? పిల్లాడికి పెట్టడానికే అవ్వాలని లేదు, గేమ్‌లో క్యారెక్టర్‌కైనా, కుక్కపిల్లకైనా. చాలామంది ఆలోచించకుండా గాయస్ అనేస్తారు, సీజర్ ఉన్నాడు కదా అని. ఇంకో బ్యాచ్ ఉంది, మార్కస్ ఆరీలియస్ కొటేషన్లు స్టేటస్ పెట్టుకునే బ్యాచ్, వాళ్ళు మార్కస్ అంటారు. లూసియస్ గురించి ఎవరూ మాట్లాడరు. నాకేమో అదే ఇష్టం, కానీ ఇష్టం వేరు మేలు వేరు, కాబట్టి వరసగా చూద్దాం.

పుట్టుకతో తేల్చేద్దాం అంటే పెద్దగా పని జరగదు. మార్కస్ యుద్ధ దేవుడు మార్స్ పేరు నుంచి వచ్చిందంటారు, లూసియస్ వెలుగు అనే మాట నుంచి, తెల్లారుతుండగా పుట్టినవాడికి పెట్టే పేరని పాతవాళ్ళ వివరణ. గాయస్‌కి మాత్రం సరైన ఆధారం లేదు, సంతోషించడం అనే క్రియతో ముడిపెట్టినవాళ్ళు ఉన్నారు గానీ అది అంత గట్టి వాదన కాదు. పైగా శాసనాల్లో గాయస్‌ని ఒక్క అక్షరంతో రాస్తే అది 'గ' కాదు, 'క' పలికే అక్షరం! ఎందుకంటే ఆ పొట్టి రాత మొదలైనప్పుడు లాటిన్‌లో ఆ రెండు శబ్దాలకీ ఒకటే అక్షరం ఉండేది, విడిగా 'గ' అక్షరం వచ్చింది క్రీ.పూ. 3వ శతాబ్దంలో, అప్పటికే అలవాటు ముదిరిపోయింది, మార్చలేదు. గవర్నమెంట్ ఫారాల్లో పాత స్పెల్లింగ్ పోనట్టే.

అసలు మజా ఎక్కడంటే ఏ ఇంట్లో ఏ పేరు నిషేధించారు అన్నదాంట్లో. రోమన్లు పేర్లకి అర్థాలు చూసుకునేవాళ్ళు కాదు, ఆ పేరున్నవాడు ఏం చేశాడో చూసేవాళ్ళు.

మార్కస్‌తో మొదలుపెడదాం. క్రీ.పూ. 390లో గాల్ తెగ వాళ్ళు రాత్రిపూట కాపిటల్ కొండ ఎక్కుతుంటే పెద్దబాతులు అరిచి లేపాయి అన్న కథ తెలుసు కదా, ఆ అరుపుకి లేచి శత్రువుని కిందకి తోసినవాడు మార్కస్ మాన్లియస్. పెద్ద హీరో. ఆరేళ్ళు తిరక్కుండానే, 384లో, రాజు అవ్వాలని చూస్తున్నాడని అదే కొండ అంచు నుంచి అతన్నే తోసేశారు. తర్వాత మాన్లియస్ కుటుంబం మా ఇంట్లో ఇంక ఎవరికీ మార్కస్ అని పెట్టం అని తీర్మానం చేసుకుంది. ఇంకో నిషేధం ఆంటోనీ ఇంటి మీద. మార్కస్ ఆంటోనియస్ క్లియోపాత్రా దగ్గర చచ్చిపోయాక, క్రీ.పూ. 30లో, ఆంటోనియస్ ఇంట్లో ఇకమీద ఎవరూ మార్కస్ పేరు పెట్టుకోకూడదని సెనేట్ నిర్ణయం చేసింది. ఆ టైమ్‌లో కాన్సుల్, అంటే రోమ్‌లో అన్నిటికన్నా పెద్ద పదవిలో ఉన్నవాడు, ఎవరో తెలుసా, పేరున్న వక్త సిసిరో కొడుకు. ఆ సిసిరోని 43లో చంపించిందే ఆంటోనీ. ఆ కొడుకు పేరు కూడా మార్కస్సే, సిసిరో పేరూ మార్కస్సే, ఒక మార్కస్‌ని చంపించిన ఇంకో మార్కస్ పేరుని మూడో మార్కస్ హయాంలో కొట్టేశారు, సీరియల్ రైటర్‌కి కూడా ఇంత ధైర్యం ఉండదు.

లూసియస్‌కీ మచ్చ ఉంది. క్లాడియస్ వంశం వాళ్ళు ఆ పేరుని మొత్తానికి వదిలేశారు, ఎందుకంటే వాళ్ళ ఇంట్లో ఇద్దరు లూసియస్‌లలో ఒకడు దారిదోపిడీలో, ఇంకోడు హత్య కేసులో దోషులుగా తేలారట. ఇది చెప్పింది చక్రవర్తుల జీవితకథలు రాసిన స్యుటోనియస్. కానీ దీనికి ఉల్టాగా కూడా ఒకటి జరిగింది, క్రీ.శ. 20లో గ్నేయస్ పీసో అనే పెద్దమనిషి మీద విచారణ జరిగి, అతను తీర్పు రాకముందే ప్రాణం తీసుకున్నాడు, అప్పుడు అతని కొడుక్కి తండ్రి పేరు ఉండకూడదని మార్పించారు. మార్చి పెట్టుకున్న పేరు లూసియస్. అంటే పరువు పోయిన ఇంట్లో మళ్ళీ మొదలుపెట్టడానికి పనికొచ్చిన పేరు. ఏడేళ్ళకి అతను కాన్సుల్ కూడా అయ్యాడు.

గాయస్ మీద ఇలాంటి నిషేధం నాకు ఎక్కడా తగల్లేదు, దాని మీద ఉన్నది శాపం. చక్రవర్తి కాలిగులా ఉన్నాడు కదా, కాలిగులా అంటే చిన్న బూటు అని సైనికులు పెట్టిన ముద్దుపేరు, అతని అసలు పేరు గాయస్. క్రీ.శ. 41లో సొంత కాపలావాళ్ళే పొడిచి చంపారు. అతని కథ ముగించేటప్పుడు స్యుటోనియస్ ఒక మాట అంటాడు, గాయస్ అనే పేరున్న సీజర్లు అందరూ కత్తికే బలయ్యారని. వినడానికి బాగుంది గానీ ఇది తప్పు. జూలియస్ సీజర్ వాళ్ళ నాన్న పేరు కూడా గాయస్, ఆయన పొద్దున్నే చెప్పులు తొడుక్కుంటూ పోయాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అగస్టస్‌కి దత్తత తర్వాత పేరు గాయస్ జూలియస్ సీజరే, ఆయన 75 ఏళ్ళు బతికి మంచం మీద పోయాడు. స్యుటోనియస్ చెప్పిందాంట్లో ఇంకో తమాషా, ఆయన పేరు కూడా గాయస్.

ఇప్పుడు పేరున్న మనుషుల్ని లెక్కేస్తే లూసియస్ దుమ్ములేపుతుంది. రోమ్ చివరి రాజు లూసియస్ టార్క్వినియస్. సంప్రదాయం ప్రకారం క్రీ.పూ. 509లో అతన్ని తరిమేశాక వచ్చిన మొదటి ఇద్దరు కాన్సుల్‌లు లూసియస్ బ్రూటస్, లూసియస్ కొలాటినస్. అంటే రాచరికం పోయిందీ లూసియస్‌తోనే, రిపబ్లిక్ వచ్చిందీ లూసియస్‌తోనే. 458లో పొలం దున్నుకుంటుంటే పిలిచి డిక్టేటర్‌ని చేస్తే యుద్ధం గెలిచి పదహారో రోజున పదవి వదిలేసి మళ్ళీ పొలానికి పోయినవాడు లూసియస్ క్వింక్టియస్ సిన్సినాటస్. ఒహాయోలో మనవాళ్ళు ఉంటున్న సిన్సినాటి ఊరి పేరు చివరికి పోయి కలిసేది ఈయనకే. అమెరికా సుప్రీం కోర్టులో 1888 నుంచి 1893 దాకా ఒక జడ్జి ఉండేవాడు, పేరు లూసియస్ క్వింటస్ సిన్సినాటస్ లామర్, తల్లిదండ్రులు సగం పెట్టి ఊరుకోలేదు, మొత్తం దించేశారు. మరీ పొగిడితే బాగోదు, జనం పేర్లు బోర్డు మీద రాసి మరీ చంపించిన సల్లా కూడా లూసియస్సే, నీరో పుట్టినప్పుడు పెట్టిన పేరూ లూసియస్సే, ఆ నీరో మాట మీద క్రీ.శ. 65లో నరాలు కోసుకుని పోయిన గురువు సెనెకా కూడా లూసియస్సే.

మార్కస్ వైపు సిసిరో, కేటో, క్రాసస్, బ్రూటస్, అగ్రిప్పా, ఆరీలియస్. లైనప్ గట్టిదే. ఆరీలియస్ 161లో గద్దెనెక్కినప్పుడు తనతో సమానంగా కూర్చోబెట్టుకున్న తమ్ముడి వరస లూసియస్ వేరస్, 169 దాకా మార్కస్, లూసియస్ ఇద్దరూ పక్కపక్కనే చక్రవర్తులు, ఇక్కడ మాత్రం మార్కస్‌కే మార్కులు, దాన్ని కాదనలేను. కానీ ఆయన కొడుకు కమోడస్ చూడండి, పుట్టినప్పుడు లూసియస్, తండ్రి పోయాక 180లో మార్కస్ అయ్యాడు, 191లో మళ్ళీ లూసియస్. ఈ రెండు పేర్ల మధ్య ఊగిసలాడిన చక్రవర్తి ఇతనే. పిచ్చి ముదిరాక ఏడాదిలో పన్నెండు నెలలకీ తన పన్నెండు పేర్లూ బిరుదులూ పెట్టేశాడు, అలా కొన్నాళ్ళు లూసియస్ అనే నెల కూడా నడిచింది.

గాయస్ దగ్గర పెద్దవాళ్ళు ఉన్నారు, సీజర్, ఏడుసార్లు కాన్సుల్ అయిన మారియస్, సీజర్‌ని పొడిచిన కాసియస్. నాకు మాత్రం అందరికన్నా నచ్చేది రథాల పందెగాడు గాయస్ అపులేయస్ డియోక్లిస్, 2వ శతాబ్దం వాడు, శాసనంలో లెక్కలు చెక్కి ఉన్నాయి, 24 ఏళ్ళ కెరీర్, 4257 రేసులు, 1462 గెలుపులు, సంపాదన 3 కోట్ల 58 లక్షల సెస్టర్స్ (రోమన్ నాణేలు) పైనే, 42 ఏళ్ళకి రిటైర్. గాయస్ అంటే ఒకరకంగా మామూలు మనిషి పేరు కూడా, పెళ్ళిలో పెళ్ళికూతురు నువ్వు గాయస్ అయిన చోట నేను గాయా అనేది, పెళ్ళికొడుకు పేరు ఏదైనా సరే.

మన తెలుగువాళ్ళ కోణం నుంచి చూస్తే గాయస్‌కి ఒక పెద్ద ప్లస్ ఉంది. ప్లినీ పూర్తి పేరు గాయస్ ప్లినియస్ సెకుండస్. ఆంధ్రులకి కోటగోడలున్న 30 పట్టణాలు, లక్ష కాల్బలం, 2 వేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు ఉన్నాయని రాసింది ఆయనే, మన చరిత్ర పుస్తకాల్లో ఈ లైన్ చదవనివాళ్ళు ఉండరు. ఇండియా సరుకు కోసం రోమ్ డబ్బు ఏటా 5 కోట్ల సెస్టర్స్ పోతోందని ఏడ్చిందీ ఆయనే, 79లో వెసూవియస్ పేలినప్పుడు పోయాడు.

ఆ డబ్బు ఎటు పోయిందంటే కొంత ఇటే వచ్చింది. ఇండియాలో దొరికిన అగస్టస్ వెండి నాణేల్లో బాగా కనపడేది ఒక రకం, వెనకవైపు ఇద్దరు కుర్రాళ్ళు డాళ్ళు, బల్లేలు పట్టుకుని నిలబడి ఉంటారు. వాళ్ళు అగస్టస్ మనవళ్ళు, దత్తపుత్రులు, గాయస్, లూసియస్. వీళ్ళని కన్న తండ్రి మార్కస్ అగ్రిప్పా! మూడు పేర్లూ ఒకే ఇంట్లో. రోమ్‌లో పాంథియన్ గుడి నుదుటి మీద ఇప్పటికీ ఉంటుంది, లూసియస్ కొడుకు మార్కస్ అగ్రిప్పా మూడోసారి కాన్సుల్‌గా ఉండగా కట్టించాడు అని, అంటే తాత కూడా లూసియస్. ఇప్పుడున్న బిల్డింగ్ హేడ్రియన్ కాలంలో కట్టిందే అయినా పాత రాత ఉంచారు. పాపం ఆ కుర్రాళ్ళిద్దరూ రాజ్యం చూడకుండానే పోయారు, లూసియస్ క్రీ.శ. 2లో ఇప్పటి మార్సెయ్‌లో, గాయస్ 4లో ఇప్పటి టర్కీలో ఉన్న లిమిరాలో.

మరి ఇంత వైభవం ఉండి ఈ రోజు ఏది బతికుంది? మార్కస్ ఒక్కటే గట్టిగా బతికింది, మార్క్, మార్కో, మార్కస్, ఐపీఎల్ చూసేవాళ్ళకి స్టోయినిస్. ఇది ఆరీలియస్ పుణ్యమో ఆంటోనీ పుణ్యమో అనుకుంటే పొరపాటు, ఇది సువార్త రాసిన మార్కు పుణ్యం. 828లో ఆయన అస్థికలు అలెగ్జాండ్రియా నుంచి వెనిస్ చేరాయని వెనిస్ వాళ్ళు ఊరికి ఊరే ఆయన పేరున పెట్టుకున్నంత పని చేశారు. మన దగ్గరా అంతే, మార్కు సువార్త ఉంది కాబట్టి మార్కు అనే పేరు తెలుగు చర్చి కుటుంబాల్లో వింటాం. గాయస్ కూడా బైబిల్లో ఉన్నాడు, యోహాను మూడో పత్రిక మొదలయ్యేదే ప్రియుడైన గాయుకి, కానీ ఉత్తరం అందుకున్నవాడికీ సువార్త రాసినవాడికీ తేడా ఉంటుంది కదా. లూసియస్ అపొస్తలుల కార్యాల్లో కురేనీయుడైన లూకియగా ఒక్కసారి కనపడి వెళ్ళిపోతాడు. ఆ పేరుతో ముగ్గురు పోపులు ఉన్నా జనంలోకి పోలేదు. సీజర్ పేరు గాయస్ అయ్యుండి కూడా బ్రెజిల్ వైపు కాయో అనే రూపం తప్ప పెద్దగా మిగల్లేదంటే చూడండి, కత్తి పట్టినవాళ్ళు పేరుని మోయలేదు, ఆదివారం ఆదివారం చదివేవాళ్ళు మోశారు.

కాబట్టి నా తీర్పు. బయట దేశంలో పిల్లాడికి పెట్టాలంటే మార్కస్, స్కూల్లో ఎవరూ స్పెల్లింగ్ అడగరు, ఇక్కడికి వస్తే మార్కులెన్ని అని ఒక జోక్ భరించాలి, అంతే. గాయస్ వద్దు, మన నోట్లో గాయం అయిపోతుంది, ఆ పేరుని ప్లినీకీ డియోక్లిస్‌కీ వదిలేద్దాం. చరిత్ర పిచ్చి ఉండి, పిల్లాడి పేరు ప్రతి టీచర్‌కీ రెండుసార్లు చెప్పే ఓపిక ఉంటే లూసియస్, ఇంగ్లీషు వాళ్ళు లూషస్ అంటారు, అనుకోనివ్వండి. ఆడపిల్ల అయితే అసలు గొడవే లేదు, సిరాక్యూస్‌లో 304లో పోయిన లూసియా పుణ్యమా అని డిసెంబర్ 13న పండగ కూడా ఉంది, మన చర్చి కుటుంబాల్లో లూసీ అనే పేరు ఎప్పటినుంచో ఉంది, కళ్ళు మూసుకుని పెట్టేయొచ్చు.